డిప్‌స్టిక్ డైరీ: పాత డీజిల్ కారుతో ఐదు నెలలు

జూన్ 9, 2024, ఆదివారం. మీటరు: 1,18,240

కారు ఇంటికొచ్చింది. 2013 మోడల్ స్విఫ్ట్ డిజైర్ వీడీఐ, తెల్ల రంగు, ఏపీ 03 నంబరు. పుత్తూరులో బట్టల షాపు నడిపే ఒకాయన దగ్గర 3 లక్షల 10 వేలకు తీసుకున్నాను. నాన్నను నెలకోసారి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా నూరు కిలోమీటర్ల పైమాటే. నడుము నొప్పితో ఆయన బస్సులో అంతసేపు కూర్చోలేడు. ప్రతిసారీ టాక్సీ అంటే మా ఇంటి లెక్కకు అందదు. నాకు కూడా వారానికి రెండు మూడు రోజులు చిత్తూరులో పని. ఇంత తిరుగుడుకు డీజిల్ అయితేనే గిట్టుబాటు.

అయితే పాత డీజిల్ అంటే అందరూ భయపెట్టారు. ఇంజన్ పని పడితే కారు ఖరీదులో మూడోవంతు దానికే పోతుందన్నారు. అది నిజమే. అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను. ఏ రోజు ఏం చూశాను, ఏం మార్చాను, ఎంత ఖర్చయింది, అన్నీ రాస్తాను.

ఇంజన్ గురించి ముందుగా రెండు మాటలు. ఇది ఇటలీ ఫియట్ వాళ్ల మల్టీజెట్, 1248 సీసీ, నాలుగు సిలిండర్లు. మారుతి దీన్నే డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వం పట్టు వదిలింది. డీజిల్ మీద మాత్రం 2014 అక్టోబర్ దాకా వదల్లేదు. ఆ మధ్య కాలంలో రెండింటి రేట్లకూ ఎంతో తేడా ఉండేది, జనం డీజిల్ కార్ల కోసం నెలల తరబడి క్యూ కట్టారు. మా బండి ఆ రోజుల్లోదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ కార్లే మానేసింది. అయినా ఈ ఇంజన్ తెలిసిన చేతులు మన ఆటోనగర్‌లో బోలెడు, సామాను దొరుకుతుంది. నేను ఈ బండినే వెతకడానికి సగం కారణం అదే.

కొనేముందు ఉదయం ఆరు గంటలకే పుత్తూరు వెళ్లాను. "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ" అని ముందు రోజే ఫోన్‌లో చెప్పాను. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. వేడి ఇంజన్ దాచే తప్పులను చల్లటి ఇంజన్ దాచలేదు. తాళం తిప్పగానే అందుకుంది. మొదటి రెండు సెకన్లు మాత్రం ముందువైపు నుంచి గలగలమని చప్పుడొచ్చి ఆగిపోయింది. టైమింగ్ చైన్ అది, వాల్వులనూ పిస్టన్లనూ తాళం తప్పకుండా నడిపే గొలుసు. పొగ పెద్దగా లేదు. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ మూత విప్పి దాని మీదే తిరగేసి పెడితే కొంచెం వణికింది, ఎగిరి పడలేదు, అంటే లోపల ఒత్తిడి మరీ ఎక్కువ లేదు. కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు లేదు. ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూపే గీతల పుల్ల, డిప్‌స్టిక్, తీస్తే కింది గీత దగ్గర ఆయిల్ తడి తగిలీ తగలనట్టు ఉంది. "సర్వీసుకు టైం కుదరలేదు" అన్నాడాయన. ఆ మాటకే ఇరవై వేలు తగ్గించమన్నాను, తగ్గించాడు.

జూన్ 16, ఆదివారం. మీటరు: 1,18,410

మొదటి పని ఆయిల్ మార్పు. కరకంబాడి రోడ్డులో తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లాను. ర్యాంప్ మీదకు ఎక్కించి, పది నిమిషాలు వేడి చేసి, డ్రైన్ బోల్టు విప్పారు. పాత ఆయిల్‌ను ఊరికే డ్రమ్ములోకి వదలొద్దు, గీతలున్న డబ్బాలోకి పట్టమని అడిగాను. చివరి బొట్టు దాకా అరగంట వదిలాం. కొలిస్తే రెండు లీటర్లకు కొంచెం తక్కువ.

ఈ ఇంజన్‌కు మూడు లీటర్ల పైచిలుకు కావాలి.

అంటే ఈ బండి ఎన్ని వేల కిలోమీటర్లో మూడింట రెండు వంతుల ఆయిల్‌తోనే తిరిగింది. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ నల్లగా ఉండడం తప్పు కాదు, మసిని పట్టి ఉంచడం దాని పనే. కొత్త ఆయిల్ పోసిన మర్నాడే నల్లబడుతుంది. కానీ ఇది నల్లగా మాత్రమే కాదు. రెండు వేళ్ల మధ్య రాస్తే పల్చటి బెల్లం పాకంలాగా సాగింది, మాడిన వాసన వచ్చింది. ఇనప రజను మాత్రం వేలికి తగల్లేదు. బోల్టు చివరను బనియన్ వేస్ట్‌తో తుడిచి ఎండలో పట్టి చూశాను. మెరుపులు లేవు. ప్రాణం కుదుటపడింది.

ఈ ఇంజన్‌లో ఆయిల్ కరువు ఎందుకంత ప్రమాదమో ఆ రోజు షెడ్డులోనే అర్థమైంది. టైమింగ్ చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ తగ్గితే చైన్ వదులవుతుంది. వదులైన చైన్ ఒకరోజు పళ్లు దాటితే వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుంటాయి. ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో అయితే నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతుంది, దాని ఇరుసుకు ఆధారం పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఇంజన్‌లో ఖరీదైన భాగాలన్నీ ఈ మూడు లీటర్ల మీదే బతుకుతున్నాయి.

మాన్యువల్‌లో రాసిన గ్రేడు సింథటిక్ ఆయిల్, కొత్త ఫిల్టరు, బోల్టుకు కొత్త వాషర్. అన్నీ కలిపి 2,900. పై గీత దాటకుండా పోయించాను. ఎక్కువ పోస్తే మేలని కొందరు అనుకుంటారు. డీజిల్‌లో అది చాలా ప్రమాదం. ఎక్కువైన ఆయిల్, ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ దారిలో గాలితో కలిసి సిలిండర్‌లోకి పోతే ఇంజన్ దాన్నే ఇంధనంగా కాల్చుకుంటుంది, తాళం తీసినా ఆగదు.

ఇంటికొచ్చి ఒక నోటుబుక్కు తీసి మొదటి పేజీలో గీత గీశాను. ప్రతి ఆదివారం పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా, సమానమైన నేల మీద డిప్‌స్టిక్ చూసి రాయాలి. మా అబ్బాయి ఏడో తరగతి. రాసే పని వాడు తీసుకున్నాడు.

జూన్ 30, ఆదివారం. మీటరు: 1,19,300

డీజిల్ ఫిల్టరు. ముందు దాని కింద ఉన్న మర విప్పి, అడుగున ఉన్నదాన్ని ఒక గాజు సీసాలోకి పట్టాను. పది నిమిషాలు కదపకుండా అరుగు మీద పెడితే డీజిల్ పైకి తేలింది, అడుగున బఠాణీ గింజలంత నీటి బుడగలు నాలుగైదు చేరాయి. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. కానీ అవి పంపు దాకా వెళ్తే జరిగే నష్టం తలుచుకుంటే చెమటలు పట్టాయి. ఈ రకం ఇంజన్‌లో డీజిల్ వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో, దాన్ని సిలిండర్లలోకి చిమ్మే ఇంజెక్టర్లకు చేరుతుంది. ఆ పంపుకూ ఇంజెక్టర్ సూదులకూ వేరే గ్రీజు ఏదీ ఉండదు, డీజిలే వాటికి గ్రీజు. నీళ్లు కలిస్తే తుప్పు, తుప్పు రజనుతో గీతలు. నాలుగు ఇంజెక్టర్లూ పంపూ మార్చాలంటే ఇంటి బడ్జెట్ తలకిందులే.

కొత్త ఫిల్టరు 1,300. పెట్టాక గాలి తీసేదాకా ఓపిక పట్టాలి. స్టార్ట్ కాలేదని సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడితే బ్యాటరీ పోతుంది. అలాగే ఇంకో నిర్ణయం: ట్యాంకు పావు కంటే కిందికి రానివ్వకూడదు. అమ్మకాలు బాగా ఉండే హైవే బంకులోనే పోయించాలి.

ఎయిర్ ఫిల్టరు కూడా మార్చాను, 350. పాతది దులిపితే రేణిగుంట రోడ్డు దుమ్మంతా అందులోనే ఉంది.

జూలై 14, ఆదివారం. మీటరు: 1,20,050

వారం రోజులుగా స్లోలో ఆడుతుంటే బానెట్ కింద చిఫ్, చిఫ్ అని సన్నగా వినిపిస్తోంది. పొగబండి ఊపిరి తీసుకున్నట్టు. పైన ఉండే ప్లాస్టిక్ మూత తీశాను. రెండో ఇంజెక్టర్ చుట్టూ నల్లటి తారు గడ్డ కట్టి ఉంది. గోటితో గీకితే రాలేదు, గట్టిగా గాజులాగా ఉంది.

ఇంజెక్టర్ అడుగున చిన్న రాగి వాషర్ ఉంటుంది, రూపాయి బిళ్ల కంటే చిన్నది. అది అరిగితే సిలిండర్‌లో మండిన పొగ పక్క నుంచి పైకి తన్నుతుంది. అలాగే వదిలేస్తే సీటు కాలి గుంట పడుతుంది, ఇంజెక్టర్ ఇరుక్కుపోయి రాదు. పొగ మసి లోపలికి చేరి ఆయిల్‌ను పాడుచేస్తుంది.

ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె చుట్టూ పోసి ఉంచాం. అందువల్లే ఇంజెక్టర్ మెల్లగా ఆడించగా ఆడించగా వచ్చింది. తొందరపడి లాగి ఉంటే విరిగేది. సీటు శుభ్రం చేసేటప్పుడు మెకానిక్ కట్టర్‌కు గ్రీజు పూశాడు, మసి అంతా గ్రీజుకు అంటుకుని వచ్చింది, సిలిండర్‌లోకి రాలలేదు. అతని పనితనం చూసి ముచ్చటేసింది. తీసిన ఇంజెక్టర్‌ను మళ్లీ రెండో సిలిండర్‌లోనే పెట్టాలి, ఒకదానిది ఇంకోదానికి మార్చకూడదు. నాలుగింటికీ వాషర్లు మార్చమన్నాను. సామాను, కూలీ కలిపి 2,400. చప్పుడు పోయింది.

జూలై 28, ఆదివారం. మీటరు: 1,20,960

ఇవాళ మనసు బాగాలేదు.

నోటుబుక్కులో ఆరు వారాల లెక్క ఉంది. ఆయిల్ మార్చిన రోజు పై గీత. తర్వాత ప్రతి ఆదివారం కొంచెం కొంచెంగా దిగుతూ ఇవాళ కింది గీతకు వేలి మందం పైన ఉంది. రెండున్నర వేల కిలోమీటర్లకు ముప్పావు లీటరు పోయింది. కింద నేల మీద పెద్ద మరక లేదు. వెనక నీలి పొగ కూడా కంటికి ఆనడం లేదు. మరి ఎక్కడికి పోతోంది?

ఒక గ్యారేజీలో చూపించాను. బానెట్ ఎత్తి, రెండుసార్లు యాక్సిలరేటర్ రేపి, "రింగులు పోయినాయి సార్, ఇంజన్ దించాల్సిందే" అన్నారు. రింగులంటే పిస్టన్ చుట్టూ సందు మూసి ఉంచేవి. ఎంతవుతుందంటే 85 వేలు అన్నారు. లోపల విప్పాక ఇంకా పెరగొచ్చన్నారు. ఏ కొలతా తీయలేదు, ఏ పైపూ విప్పలేదు. నేను ఏమీ అనకుండా వచ్చేశాను. నాన్న అడిగితే "చిన్న పనే" అన్నాను. అబద్ధం చెప్పినందుకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆగస్టు 12న ఆయన్ను వేలూరు తీసుకెళ్లాలి.

ఆగస్టు 10, శనివారం. మీటరు: 1,21,640

ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ ఉన్నారని చిత్తూరులో నా తోటి ఉద్యోగి చెప్పాడు. అంబాసిడర్ డీజిళ్ల కాలం నుంచి ఇంజన్లు చూస్తున్న మనిషి. రేకుల షెడ్డు, గోడకు వరసగా పానాలు, పైన ఏడుకొండలవాడి క్యాలెండరు. నా నోటుబుక్కు ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ఏడు వారాల లెక్కా చదివారు. తర్వాత తలెత్తి, "ఇట్ల రాసుకునొచ్చినోళ్లను నేను చూడలేదు సామీ" అన్నారు.

"ఇంజన్ దించాలంటున్నారు మేస్త్రీ."

"దించేది ఎప్పుడైనా దించొచ్చు. ముందర కంప్రెషన్ చూస్తాం. అది బాగుంటే రింగుల జోలికి పోయే పనే లేదు."

కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి. అది చూడాలంటే, చల్లటి ఇంజన్ అందుకోవడానికి వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు విప్పి ఆ రంధ్రంలో గేజి పెట్టాలి. పదకొండేళ్లుగా ఎవరూ ముట్టని గ్లో ప్లగ్గులవి. విప్పేటప్పుడు విరిగితే ముక్క ఇంజన్ పైభాగమైన హెడ్డులోనే ఉండిపోతుంది, అప్పుడు హెడ్డు దించక తప్పదు. ఆయన ఇంజన్‌ను బాగా వేడెక్కించారు. పొడుగు పానా కాకుండా చిన్న పానా తీసుకున్నారు. బలం కాదు, చెయ్యి కావాలన్నారు. కొంచెం తిప్పడం, మళ్లీ బిగించడం, నూనె ఒక చుక్క, మళ్లీ తిప్పడం. ఒక్కో ప్లగ్గుకు పది పన్నెండు నిమిషాలు పట్టింది. మూడోది కిర్రుమన్నప్పుడు నా గుండె ఆగినంత పనైంది. ఆయన చెయ్యి తీసేసి ఒక బీడీ కాల్చుకుని వచ్చి మళ్లీ మొదలుపెట్టారు. నాలుగూ క్షేమంగా వచ్చాయి.

గేజి చూపించింది ఇది: మొదటి సిలిండర్ 27 బార్లు, రెండోది 26, మూడోది 27, నాలుగోది 25. దగ్గర దగ్గరగా ఉన్నాయి. నాలుగోదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూశారు, పెద్దగా పెరగలేదు. రింగులు పోయి ఉంటే ఆయిల్ పోసినప్పుడు సందు మూసుకుని రీడింగ్ బాగా పెరిగేది.

"రింగులు బాగుండాయి. ఇది ఊపిరాడక తన్నుకుంటా ఉండాది సామీ" అన్నారు మేస్త్రీ. బ్రీదర్ పైపు చూపించారు. "ఊపిరి పోయే దారి మూసుకుంటే ఆయిల్ యాడికి పోతాది? సందు దొరికిన కాడికి పోతాది."

ఆయన వివరించింది నా మాటల్లో రాస్తాను. ఎంత మంచి ఇంజన్‌లోనైనా మండిన గాలి కొంత రింగుల పక్క నుంచి కిందికి, ఆయిల్ ఉండే చోటికి జారుతుంది. ఆ గాలి బయటికి పోవడానికే బ్రీదర్. అది మళ్లీ గాలి పీల్చే పైపులోకే వెళ్లి సిలిండర్లలో కాలిపోతుంది. ఆ దారి మడ్డితో పూడుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. టర్బోకు వెళ్లిన ఆయిల్ కిందికి దిగేది పంపుతో కాదు, తన బరువుతోనే. కింద ఒత్తిడి ఉంటే అది దిగలేదు. దిగలేక టర్బో సీలు దాటి గాలి పైపులోకి కారుతుంది. అక్కడి నుంచి టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, అక్కడి నుంచి సిలిండర్. మెల్లమెల్లగా కాలిపోతుంది కాబట్టి పొగ కంటికి ఆనదు. చూస్తే రింగులు పోయినట్టే ఉంటుంది.

కొలతకు ఆయన తీసుకున్నది 1,500. మిగతా పని తర్వాతి వారం పెట్టుకున్నాం. ఈలోగా ఆయిల్ పై గీత దాకా నింపి ధైర్యంగా వేలూరు వెళ్లిరమ్మన్నారు. ఆ సాయంత్రం నాన్నకు మొత్తం నిజం చెప్పాను. "85 వేలు అన్నప్పుడే చెప్పుంటే నీతో పాటు నేనూ మేలుకునే వాణ్ణి కదరా" అన్నాడు.

ఆగస్టు 18, ఆదివారం. మీటరు: 1,22,080

రోజంతా మేస్త్రీ షెడ్డులోనే. ఇంటర్‌కూలర్ కింది పైపు విప్పగానే ఆయిల్ కారింది. టీ గ్లాసు పట్టాను, దాదాపు నిండింది. బ్రీదర్ పైపు విప్పి వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వెలుగు కనిపించలేదు. లోపల గేదె పేడలాంటి బూడిద రంగు మడ్డి. కడగడంతో సరిపెట్టలేదు, లోపలి రబ్బరు ఉబ్బిపోయిందని కొత్త పైపే వేశారు. టర్బో ఇరుసును వేలితో ఆడించి చూశారు. పక్కకు కొంచెం కదిలింది, ముందుకూ వెనక్కూ కదల్లేదు, రెక్కల అంచులు గోడకు రాసుకున్న గుర్తుల్లేవు. టర్బో బతికే ఉంది.

విప్పిన చెయ్యితోనే ఈజీఆర్ కూడా. ఇది కాలిన పొగలో కొంత మళ్లీ లోపలికి పంపుతుంది. మంట వేడి తగ్గి, గాలిని పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గడానికి పెట్టిన ఏర్పాటు. పొడి మసి అటు నుంచి, ఆయిల్ ఆవిరి ఇటు నుంచి వచ్చి కలిస్తే అడుగంటిన గిన్నె మాడులాగా పేరుకుంటుంది. మా బండిలో గాలి పోయే దారి సగానికి సగం పూడింది. కార్బన్ క్లీనర్, చెక్క పుల్ల, పాత టూత్ బ్రష్షు. మూడు గంటలు గీకాను. నా గోళ్ల సందుల్లో నలుపు వారం దాకా పోలేదు.

పక్క షెడ్డు కుర్రాడు "రేకు ముక్క పెట్టి ఈజీఆర్ మూసేయండి సార్, జన్మలో మసి పట్టదు" అని సలహా ఇచ్చాడు. చాలామంది చేస్తున్నారు కూడా. నాకు ఇష్టం లేదు. ఆ పొగ పీల్చేది మన పిల్లలే. రెండేళ్లకోసారి విప్పి కడుక్కుంటే సరిపోయే పనికి అడ్డదారి ఎందుకు?

ఆయిల్ మళ్లీ మార్పించాను. మార్చి నాలుగు వేల కిలోమీటర్లు కూడా కాలేదు, అయినా సరే. లోపలి పాత మడ్డిని కడగడానికి ఫ్లష్ మందులు దొరుకుతాయి. మేస్త్రీ వద్దన్నారు, అది ఒక్కసారిగా మడ్డిని లేపి ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడేస్తుందట. మంచి ఆయిల్‌ను రెండుసార్లు తొందరగా మారిస్తే అదే మెల్లగా కడుగుతుందన్నారు. మొత్తం ఈ రోజు ఖర్చు 8,700.

కూలెంట్ కూడా ఈ వారమే మార్చాను. మా వీధి బోరు నీళ్లకు బకెట్ల అంచున తెల్లగా ఉప్పు కడుతుంది, అవి రేడియేటర్‌కు పనికిరావు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం.

సెప్టెంబర్ 1, ఆదివారం. మీటరు: 1,22,790

తిరుమల కొండెక్కాం. మొక్కు ఉంది, బండికి పరీక్ష కూడా. అలిపిరి టోల్‌గేట్‌లో చీటీ ఇచ్చారు. పైకి 28 నిమిషాలకంటే ముందు, కిందికి 40 నిమిషాలకంటే ముందు చేరితే జరిమానా. ఇంజన్‌కు కూడా ఆ వేగమే మేలు. రెండో గేరు, మూడో గేరులోనే, పెద్ద గేరులో ఇంజన్‌ను ఏడిపించకుండా ఎక్కించాను. ఇంతకుముందు మలుపు తిరిగాక పికప్ అందుకోవడానికి ఒక క్షణం తటపటాయించేది. ఇప్పుడు అడిగిన వెంటనే ఇస్తోంది. వేడి ముల్లు సగం దాటలేదు.

పైన పార్కింగ్‌లో ఆపాక వెంటనే తాళం తీయలేదు. ఒక నిమిషం పైగా స్లోలో ఆడనిచ్చాను. టర్బో బాగా వేడెక్కి ఉంటుంది, ఇంజన్ ఆపగానే దానికి ఆయిల్ ఆగిపోతుంది, లోపల మిగిలిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది. వెనక సీట్లోంచి అమ్మ "దిగవేమిరా" అంటే నాన్నే ఆమెకు చెప్పాడు, "దానికీ ఆయాసం తీరాల కదా" అని.

దిగేటప్పుడు 1944 నాటి పాత ఘాట్. ముప్పై ఆరు మలుపులు. బ్రేకు మీద కాలు నానబెట్టకుండా రెండో గేరులో ఇంజన్ పట్టుతోనే దింపాను.

అక్టోబర్ 16, బుధవారం. మీటరు: 1,25,140

నిన్నటి నుంచి ఒకటే వాన. చిత్తూరు నుంచి వస్తుంటే ఊళ్లో రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయి. ముందు పోయిన ఆటో చక్రాలు సగం మునిగాయి. వెనక హారన్లు కొడుతున్నారు. నేను వెనక్కి తిప్పేసుకుని ఐదు కిలోమీటర్లు చుట్టూ తిరిగి ఇంటికొచ్చాను.

గాలి పైపులోంచి నీళ్లు సిలిండర్‌లోకి పోతే పిస్టన్ వాటిని అణచలేదు. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజన్ అక్కడితో అయిపోతుంది. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టనే కూడదు, తోసుకుని బయటికి తెచ్చి మెకానిక్‌ను పిలవాలి. మా అబ్బాయికీ, నా భార్యకూ ఈ సంగతి ఇవాళ కూర్చోబెట్టి చెప్పాను. ఆమె కూడా బండి నడుపుతుంది.

అక్టోబర్ 27, ఆదివారం. మీటరు: 1,25,960

బ్రీదర్ మార్చాక మూడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగింది. అబ్బాయి డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి నాకు చూపించాడు. పై గీతకు వడ్లగింజంత కింద ఉంది. అంతే. మళ్లీ ఒకసారి తుడిచి చూడమన్నాను. అదే లెక్క.

ఇక మిగిలింది చైన్. చల్లగా ఉన్నప్పుడు ఆ గలగల ఇంకా ఒక సెకను వినిపిస్తోంది. ముందు రెండు సెకన్లు ఉండేది, మంచి ఆయిల్‌తో తగ్గింది గానీ పోలేదు. ఇన్నాళ్లు తక్కువ ఆయిల్‌తో తిరిగిన చైన్‌ను నమ్మి నాన్నను వేలూరు రోడ్డు మీద కూర్చోబెట్టలేను. చైను, టెన్షనరు, గైడ్లు, పళ్ల చక్రాలు అన్నీ కలిసిన కిట్టు 9,800కు వచ్చింది. కూలీ 6,500 అని మేస్త్రీ చెప్పారు. దీపావళి దాటిన సోమవారం, నవంబర్ 4న, బండి వదలమన్నారు. కిట్టు అట్టపెట్టె దేవుడి గది పక్క అలమారలో ఉంది. ఇవాళ పొద్దున అమ్మ దాని మీద కూడా ఒక బొట్టు పెట్టింది.